మందు – మోతాదు – మర్యాద

మా డబ్లిన్ నగరంలో చుట్టాలకు చూపించదగిన వింతలు తక్కువ. ఇది ఐర్లండు దేశపు డబ్లిన్ కాదు. మనవారు చాలమంది స్థిరపడిన ఒహాయో రాష్ట్రపు డబ్లిన్ కూడ కాదు. కాలిఫోర్నియాలో 580, 680 రహదారులు ఒకదానినొకటి దాటే చోట, 1982లో నగరంగా ఏర్పడిన డబ్లిన్ ఇది. స్వదేశం నుండి తల్లిదండ్రులు వచ్చినప్పుడు పొద్దున్నే లివర్‌మోర్‌లోని శివవిష్ణు ఆలయానికి తీసుకొనిపోయి, పులిహోర ప్రసాదం తినిపించి, మధ్యాహ్నం అదే ఊరిలోని ద్రాక్షతోటలు చూపించి తీసుకొనివస్తాము. ఆ తోటలలో కొన్ని 1883 నాటివి. దేవుడూ ద్రాక్షాసవమూ ఒకే ఊరిలో కొలువై ఉండటం మా లోయ ప్రత్యేకత. ఆ ఊరి నుండి ఇంటికి వచ్చే దారిలో, 580కి ఉత్తరాన, మా పిల్లలు ఆడుకునే ఎమరాల్డ్ గ్లెన్ పార్కుకు ఎంతో దూరం లేకుండా, పెద్ద కట్టడం ఒకటి ఉన్నది. దానిని మాత్రం ఏ చుట్టానికీ చూపించము. అది అలమీడా కౌంటీ వారి శాంటా రీటా కారాగారం. 1989 నుండి ఇప్పుడున్న భవనంలో నడుస్తున్నది.

ఈ కౌంటీలో తాగి కారు నడిపి పట్టుబడినవారు సాధారణంగా ఆ రాత్రి గడిపేది అక్కడే. కొన్ని సంవత్సరాల క్రితం ఒక ఆదివారం తెల్లవారుజామున నేను ఆ కట్టడం బయట కారులో కూర్చొని ఒక మనిషి కొరకు ఎదురుచూశాను. అతడు దొంగ కాదు, రౌడీ కాదు. నాకు వరసకు తమ్ముడు, మా పక్క ఊరివాడు, రెండు పట్టాలు పుచ్చుకొన్న ఇంజనీరు. ముందు రాత్రి మా ఇంట్లో భోజనం చేసి, "వెళ్ళివస్తాను అన్నయ్యా" అని చెప్పి వెళ్ళినవాడు. మాట తడబడలేదు, అడుగు తూలలేదు. కారు ఎక్కడా తగిలించలేదు కూడ. వెనుక దీపం ఒకటి వెలగటం లేదని ఆపారట. యంత్రంలో ఊదిస్తే 0.10 చూపింది. ఇక్కడి హద్దు 0.08.

"మూడే తాగాను అన్నయ్యా" అన్నాడు కారు ఎక్కుతూనే. అతడు అబద్ధం ఆడలేదు. ఆ మూడూ నా చేతి మీదుగా పోసినవే. ఈ వ్యాసం ఆ "మూడు" అన్న మాటను గురించి.

ముందుగా ఒక మనవి. మద్యపానం తప్పా, ఒప్పా అన్న చర్చ నేను చేయబోవటం లేదు. ఆ చర్చను మన తెలుగుదేశం చూసినంత దగ్గరగా చాలమంది చూసి ఉండరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మీద తిరగబడ్డారు. అది ఉద్యమమై 1993లో సారా నిషేధాన్ని, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధాన్ని తెచ్చింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. అదంతా కూలి డబ్బు ఎక్కడికి పోతున్నది, ఇంట్లో పొయ్యి ఎందుకు రాజటం లేదు అన్న ప్రశ్న నుండి పుట్టిన ఉద్యమం. ఇక్కడ శనివారం సాయంత్రం మన ఇళ్ళలో స్కాచ్ సీసా మూత తీసేవారికి ఆ ప్రశ్న వర్తించదు. వర్తించేది ఇంకొకటి: ఆ సీసా దగ్గర నుండి ఇంటికి ఎవరు, ఏ స్థితిలో కారు నడుపుకొని వెళ్తున్నారు?

మన భాషలో మద్యానికి ఉన్న ముద్దుపేరు "మందు". ఇంతకంటె తగిన పేరు దొరకదు, ఎందుచేతనంటే మందు అన్నదానికి మోతాదు ఉండాలి. పిల్లవానికి జ్వరం వస్తే సీసా మూతలో 5 మిల్లీలీటర్ల గీత ఎక్కడున్నదా అని దీపం కింద పెట్టి చూసి పోస్తాము. ఈ మందును మాత్రం కంటి కొలతతో పోస్తాము. పైగా అలా పోయటమే మర్యాద అనుకుంటాము. కొలిచి పోసేవాడు పిసినారి. చేయి వంచి వదిలేసేవాడు ఉదారుడు. నెయ్యి విషయంలో మన తాతలు పాటించిన నియమాన్నే మనము విస్కీ విషయంలోనూ పాటిస్తున్నాము.

ఆ ఆదివారం సాయంత్రం నేను ఒక చిన్న ప్రయోగం చేశాను. ముందు రాత్రి వాడిన గ్లాసునే తీసుకొని, అలవాటు ప్రకారం మంచినీళ్ళు "ఒక పెగ్గు" పోసి, మా అమ్మాయి జ్వరం మందు మూతతో కొలిచాను. ఐదుసార్లు చేశాను. తక్కువలో తక్కువ 70, ఎక్కువలో ఎక్కువ 90 మిల్లీలీటర్లు వచ్చింది. సగటు 80 అనుకుందాము.

అమెరికా ఆరోగ్యశాఖ వారి లెక్కలో "ఒక డ్రింకు" అంటే 14 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. అది 5 శాతం బీరు 12 ఔన్సులలో, 12 శాతం వైను 5 ఔన్సులలో, 40 శాతం విస్కీ ఒకటిన్నర ఔన్సులో, అనగా 44 మిల్లీలీటర్లలో ఉంటుంది. మన దేశపు లెక్కలో చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, పెద్ద పెగ్గు 60. మన దేశంలో తయారయ్యే విస్కీ సాధారణంగా 42.8 శాతం. కనుక అక్కడి పెద్ద పెగ్గులో సుమారు 20 గ్రాములు. అది ఇక్కడి ఒకటిన్నర డ్రింకులకు దగ్గర. నా చేతి పెగ్గులో 40 శాతం స్కాచ్ 80 మిల్లీలీటర్లు అంటే 25 గ్రాములు. దాదాపు రెండు డ్రింకులు. ముగ్గురు మనుషులు "మూడు" అన్న ఒకే మాట అన్నప్పుడు ఒకరు 42 గ్రాములు, ఇంకొకరు 60, మా తమ్ముడు 75 పుచ్చుకొని ఉండవచ్చు.

ఇంతకూ ఈ గ్రాములు రక్తంలో ఎంత శాతం అవుతాయి? స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎరిక్ విడ్మార్క్ 1932లో దీనికి ఒక సులువైన సూత్రం చెప్పాడు. నేటికీ న్యాయస్థానాలలో నిపుణులు దానినే వాడుతూ ఉంటారు. ఆల్కహాలు నీటితో చక్కగా కలుస్తుంది, కొవ్వులోకి పెద్దగా పోదు. కనుక అది ఒంటినిండా కాక, ఒంటిలోని నీటి మేరకు పరచుకొంటుంది. మగవారి బరువును 0.68తో, ఆడవారి బరువును 0.55తో గుణిస్తే ఆ మేర ఎంతో ఉరమరగా తెలుస్తుంది. 75 కిలోల మగవానికి అది 51 కిలోలు. తాగిన గ్రాములను దానితో భాగించి, పదితో భాగిస్తే శాతం వస్తుంది. ఆ తరువాత గడిచిన ప్రతి గంటకూ 0.015 తీసివేయాలి; కాలేయం ఒక గంటలో కాల్చగలిగేది ఉరమరగా అంత.

మూడు గంటల విందు అనుకొని లెక్క వేద్దాము. అమెరికా వారి మూడు డ్రింకులకు 42 గ్రాములు: 0.082 నుండి 0.045 తీసివేస్తే 0.037. చట్టపు హద్దులో సగం కూడ లేదు. మన దేశపు మూడు పెద్ద పెగ్గులకు: 0.07 పైచిలుకు, అంచు మీద. నా ఇంటి మూడు పెగ్గులకు: 0.149 నుండి 0.045 పోగా 0.104. పోలీసు యంత్రం చెప్పిన అంకె దాదాపు అదే. ఆ రాత్రి ఆ యంత్రం తప్పు చెప్పలేదు. తప్పు చెప్పింది నా గ్లాసు.

ఈ లెక్కలు సగటు మనిషికి చేసినవి. మనిషికీ మనిషికీ, పూటకూ పూటకూ భేదం ఉంటుంది. కనుక ఎవరూ వీటిని జేబులో పెట్టుకొని "నాకు ఇంకొక పెగ్గు హక్కు ఉన్నది" అని వాదించవద్దు. ఆడవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 55 కిలోల స్త్రీ రెండు మామూలు గ్లాసుల వైను పుచ్చుకొంటే, గంట గడిచిన తరువాత కూడ 0.08 అంచున ఉంటుంది. "మా ఆవిడ రెండు గ్లాసుల వైనే కదా తాగింది, తనే నడుపుతుంది" అని ధీమాగా చెప్పే భర్తలు దీనిని గమనించవలెను.

కాలేయం చేసే పని గురించి రెండు మాటలు. చాల పదార్థాల విషయంలో ఒంట్లో ఎక్కువ ఉంటే ఎక్కువ వేగంగా, తక్కువ ఉంటే తక్కువ వేగంగా ఖర్చవుతుంది. ఆల్కహాలు విషయంలో అలా కాదు. చౌకధరల దుకాణం ముందు ఒకే కిటికీ ఉండి, లోపల ఒకే గుమాస్తా ఉన్నట్లు ఊహించుకోండి. బయట పదిమంది నిలబడినా, వందమంది నిలబడినా గంటకు ఆయన చూసేది అంతమందినే. కాలేయంలోని ఎంజైము ఆ గుమాస్తా. కాఫీ ఇచ్చినా, మజ్జిగ ఇచ్చినా, నిమ్మకాయ పిండినా, తల మీద చన్నీళ్ళు పోసినా ఆయన వేగం పెరగదు. కాఫీ తాగిన మనిషి నిద్రపోని తాగుబోతు అవుతాడు, అంతే. 0.10తో అర్ధరాత్రి పడుకొన్నవాని రక్తం శుభ్రపడటానికి ఆరున్నర గంటలకు పైన పడుతుంది. అంటే ఆదివారం ఏడు గంటలకు పిల్లలను ఆటకో పాటకో దింపటానికి కారు తీసే తండ్రి రక్తంలో శనివారం ఇంకా మిగిలే ఉండవచ్చు.

కడుపులో ముందే అన్నం ఉంటే మాత్రం భేదం ఉన్నది. అప్పుడు ఆల్కహాలు చిన్నపేగులోకి నెమ్మదిగా దిగుతుంది. రక్తంలోకి ఒక్కసారిగా ఎగబాకదు. మన విందులలో జరిగేది ఇందుకు సరిగ్గా తలకిందులు. ఏడు గంటలకు సీసా తెరుస్తాము. నాలుగు పకోడీలు, కాసిని జీడిపప్పులతో పది దాకా నడుస్తుంది. పదిన్నరకు ఆడవారు నాలుగోసారి పిలిస్తే బిర్యానీ దగ్గరకు వెళ్తాము. పదకొండుకు కిళ్ళీ వేసుకొని కారు తాళాలు తీస్తాము. రక్తంలో ఆల్కహాలు ఎక్కువగా ఉన్న గడియలోనే మనిషిని రహదారి మీదికి పంపించటానికి ఇంతకంటె మంచి పద్ధతిని ఎవరైనా కోరి తయారుచేయగలరా అని నాకు సందేహం.

ఇక "నేను బాగానే ఉన్నాను" అన్న మాట. దీనికి కూడ శాస్త్రంలో పాత కథ ఒకటి ఉన్నది. పిల్లల ఎముకలను వంచే రికెట్స్ జబ్బుకు ఆహారలోపంతో ఉన్న సంబంధాన్ని నిరూపించిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ మెలన్‌బీయే 1919లో ఆల్కహాలు గురించి కూడ ఒక సంగతి కనిపెట్టాడు. రక్తంలో ఆల్కహాలు ఎక్కుతున్నప్పుడు మత్తు ఎక్కువగా కనిపిస్తుంది. దిగుతున్నప్పుడు, అదే అంకె దగ్గర, తక్కువగా కనిపిస్తుంది. ఎక్కేటప్పటి తూలుడు గుర్తుండటం వలన దిగేటప్పుడు మనిషికి తాను పూర్తిగా తేరుకొన్నట్లు తోస్తుంది. కాని ముందు కారు దీపాలు ఎర్రబడినప్పుడు కాలు బ్రేకు మీదికి పోవటానికి పట్టే సమయం, ఒకేసారి రెండు విషయాలు గమనించగలిగే శక్తి, ఇంకా తేరుకొని ఉండవు. ముఖ్యంగా "నడపగలనా, లేదా" అని తీర్పు చెప్పే మెదడే ఆల్కహాలులో నానుతున్నది. ముద్దాయినే న్యాయమూర్తి పీఠం మీద కూర్చోబెట్టి తీర్పు అడిగితే ఏమని చెప్తాడు?

మన సమాజం తాగినవానిని నడవడి చూసి తూచుతుంది. తూలితే తాగుబోతు, తూలకపోతే "ఆయన ఎంత తాగినా స్టడీగా ఉంటాడు" అని బిరుదు. ఆ బిరుదు ఉన్నవారే నా దృష్టిలో ఎక్కువ ప్రమాదం. వారు రోజూ తాగటం వలన నాలుక తడబడకుండా మాట్లాడటం నేర్చుకొన్నారు. తటాలున అడ్డు వచ్చిన పిల్లవానిని చూసి ఆపటం నేర్చుకోలేదు. చట్టం ఈ తేడాను ఎప్పుడో గ్రహించింది. నార్వే దేశం 1936లోనే మనిషి ఎలా కనిపిస్తున్నాడన్నది పక్కన పెట్టి, రక్తంలో 0.05 దాటితే నేరం అన్నది. ఇండియానాలో పోలీసు శాఖకు పనిచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టయిన్ 1954లో ఊపిరిని పరీక్షించే యంత్రం తయారుచేశాడు. ఊపిరితిత్తుల అడుగున రక్తానికీ గాలికీ మధ్య ఆల్కహాలు ఒక నిష్పత్తిలో పంచుకొనబడుతుంది; ఒక వంతు రక్తంలో ఎంత ఉంటుందో 2100 వంతుల ఊపిరిలో అంత ఉంటుందని లెక్క. ఆ రోజులలో పసుపుపచ్చని డైక్రోమేటు ద్రావణం రంగు ఎంత విరిగిందో చూసి అంకె చెప్పేవారు. ఇప్పుడు పరారుణ కిరణాలు, విద్యుత్ ఘటాలు ఆ పని చేస్తున్నాయి.

బోర్కెన్‌స్టయినే 1964లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో ప్రమాదంలో ఉన్న డ్రైవర్లనూ, అదే దారిన క్షేమంగా పోతున్నవారినీ పోల్చిన పెద్ద పరిశోధనను ప్రకటించాడు. 2005లో వెలువడిన ఇటువంటిదే మరొక పరిశోధన కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లోను, ఫ్లారిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లోను జరిగినది. అందులో తేలిన అంకెలు ఇవి: ఏమీ తాగనివానితో పోలిస్తే ప్రమాదావకాశం 0.05 దగ్గర సుమారు 1.4 రెట్లు, 0.08 దగ్గర 2.7 రెట్లు, 0.10 దగ్గర దాదాపు 5 రెట్లు, 0.15 దగ్గర 22 రెట్లు. ఈ వరుసలో ఎక్కడా గోడ లేదు. 0.079 క్షేమం, 0.081 ప్రమాదం అని ప్రకృతి ఎక్కడా గీత గీయలేదు. గీసినది శాసనసభ. అది బేరం మీద కుదిరిన గీత.

కాలిఫోర్నియాలో 1990 దాకా హద్దు 0.10గా ఉండేది; ఆ సంవత్సరం 0.08 చేశారు. రాష్ట్రాలన్నీ 0.08కి రాకపోతే రహదారుల నిధులు కోస్తామని కేంద్రం 2000లో చట్టం చేసింది. అయినా 0.07 ఉన్నవాడు నిశ్చింతగా ఉండటానికి వీలు లేదు. అంకెతో నిమిత్తం లేకుండా మత్తులో నడిపాడని తేలితే శిక్షించే నిబంధన ఇక్కడ వేరుగా ఉన్నది. 21 సంవత్సరాలు నిండనివారికి 0.01 చాలు. కిరాయికి ప్రయాణికులను ఎక్కించుకొనేవారికి 2018 జూలై నుండి 0.04. కారులో 14 ఏళ్ళ లోపు పిల్లలు ఉండగా నడిపినందుకు శిక్షపడితే, మొదటి నేరమే అయినా 48 గంటల జైలు అదనం.

"అమెరికాలో చట్టాలు కఠినం, మన దేశంలో అడిగేవాడు లేడు" అని మనలో చాలమంది అనుకుంటారు. అంకెల ప్రకారం ఇది తప్పు. 1988 నాటి మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. అంటే 0.03. ఇక్కడి హద్దులో సగం కంటె తక్కువ. అడిగేవాడు లేడన్న మాట కూడ పాతబడింది. హైదరాబాదులో 2011 నుండి రాత్రిపూట తనిఖీలు విరివిగా జరుగుతున్నాయి. పట్టుబడినవారిని భార్యతోనో తల్లిదండ్రులతోనో కలిసి పోలీసువారి సలహా తరగతికి రమ్మనే పద్ధతి కూడ అక్కడ పెట్టారు. ఆ ఆలోచన చేసినవారెవరో కాని మన సమాజం నాడి తెలిసినవారు. ఇంత జరిగినా 2016 జూలై 1న అదే నగరంలో, పంజాగుట్ట దగ్గర, తాగి ఉన్న ఇంజనీరింగు విద్యార్థుల కారు అదుపు తప్పి ఎదురుగా వస్తున్న ఒక కుటుంబం కారు మీద పడింది. బడి నుండి ఇంటికి వస్తున్న తొమ్మిదేళ్ళ పాప, ఆమె బంధువులు బలి అయ్యారు. ఆ విద్యార్థుల వయస్సులో ఉన్న పిల్లలు మన ఇళ్ళలోనూ ఉన్నారు, ఆ పాప వయస్సులో ఉన్నవారూ ఉన్నారు.

ఇక్కడికి గంటన్నర, రెండు గంటల దూరంలో ఉన్న ఫెయిర్ ఓక్స్‌లో 1980 మే 3న రోడ్డు పక్కన నడుస్తున్న పదమూడేళ్ళ బాలికను తాగి కారు నడుపుతున్న ఒకడు గుద్ది చంపాడు. కొద్ది రోజుల ముందే అటువంటి నేరం మీద పట్టుబడి జామీను మీద బయట ఉన్నవాడు. ఆ బాలిక తల్లి క్యాండీ లైట్నర్ స్థాపించిన తల్లుల సంఘం అమెరికా ఆలోచననే మార్చింది. అంతకు ముందు దీనిని "ప్రమాదం" అనేవారు. ఆ తరువాత "నేరం" అన్నారు. 1982లో ఇటువంటి ఘటనలలో దేశం మొత్తం మీద 21 వేలకు పైగా చనిపోయారు. 2022 నాటికి, కార్లూ ప్రయాణాలూ ఎంతో పెరిగినప్పటికీ, ఆ సంఖ్య 13,500 దగ్గరకు దిగింది. చట్టాలు, తనిఖీలు, గాలిసంచులు అన్నీ ఇందుకు తోడ్పడ్డాయి. కాని మాట మారకుండా ఆ చట్టాలు వచ్చేవి కావని నా అభిప్రాయం.

మన మాట ఇంకా మారలేదు. మా తమ్ముని సంగతి నలుగురికీ తెలిసినప్పుడు అందరూ అన్నది "పాపం, దొరికిపోయాడు" అని. దొరకటం! నేరమంతా దొరకటంలోనే ఉన్నట్లు, ఆ రాత్రి దురదృష్టం వెనుక దీపం రూపంలో వచ్చినట్లు. వారంలోపల నాకు ముగ్గురు మంచి వకీళ్ళ పేర్లు చెప్పారు. పోలీసులు ఎక్కడ కాపు కాస్తున్నారో ముందే తెలియజెప్పే వాట్సాప్ బృందంలో చేరమని ఒకరు చెప్పారు. "మీరు ఎంత పోశారు?" అని అడిగినవారు ఒక్కరు కూడ లేరు.

దొరికినందుకు అతడు చెల్లించినది తక్కువేమీ కాదు. జరిమానా, లైసెన్సు నిలుపుదల, మూడు నెలల తరగతులు, పెరిగిన బీమా, పది సంవత్సరాల పాటు లెక్కలో ఉండే నేరచరిత్ర. ఇవి పౌరులకూ ఉన్నవే. మన వంటి వలస ఉద్యోగులకు పైన మరొకటి ఉన్నది. తాగి నడిపినందుకు అరెస్టు అయితే చాలు, శిక్ష పడకముందే వీసాను రద్దు చేయటానికి వీలు కల్పిస్తూ విదేశాంగశాఖ 2015 నవంబరులో తన అధికారులకు ఆదేశాలు ఇచ్చింది. ఉన్న ఉద్యోగం మరునాడే పోదు. కాని దేశం దాటితే తిరిగి రావటానికి కొత్త వీసా కావాలి, దానికి ముందు వారు చెప్పిన వైద్యుని దగ్గర తాగుడు అలవాటు గురించి పరీక్ష కావాలి. ఆ మరుసటి సంవత్సరం తెనాలిలో అతని తండ్రి మంచాన పడ్డాడు. వెళ్తే మళ్ళీ ఎప్పుడు వస్తాడో తెలియదు; వెళ్ళకపోతే తండ్రిని చూడలేడు. వెళ్ళాడు. తండ్రి కర్మకాండ ముగిసిన తరువాత కూడ ఏడు నెలలు అక్కడే ఉండిపోయాడు. ఇక్కడ భార్య ఇద్దరు పిల్లలతో, అద్దె ఇంటితో ఒంటరిగా నెట్టుకొచ్చింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

చట్టం కూడ నన్ను ఒక్క మాట అనలేదు. అనదు. అతిథికి మద్యం పోసిన గృహస్థు మీద, ఆ తరువాత జరిగిన నష్టానికి దావా వేయటానికి వీలు లేకుండా 1978లోనే కాలిఫోర్నియా శాసనసభ మినహాయింపు ఇచ్చింది. తప్పు తాగినవానిది, పోసినవానిది కాదు అన్నది సూత్రం. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివారికి తెలిసి తెలిసి పోసిన పెద్దలకు మాత్రం 2011 నుండి ఆ రక్షణ లేదు. న్యాయశాస్త్రంలో దీనిని నేను కాదనను. వయోజనుడు తన చేతి పనికి తానే బాధ్యుడు. కాని అమెరికావారి విందులో అతిథి తన గ్లాసు తానే నింపుకొంటాడు. మన ఇంట్లో అలా కాదు. "అప్పుడే చాలా? నా మీద ఒట్టే" అని చేయి పట్టుకొని పోస్తాము. గ్లాసు సగంలో ఉండగానే నింపుతాము, అందువలన అతడు ఎన్ని తాగాడో అతనికే లెక్క తెలియదు. వద్దన్నవానిని "ఏం, ఇంట్లో పర్మిషను లేదా?" అని ఎకసెక్కం చేస్తాము. కొసరి కొసరి వడ్డించటం మన సంస్కృతి. ఆ కొసరులో మోతాదును నిర్ణయించేది తాగేవాడు కాదు, పోసేవాడు. ఆ మర్యాద ఉన్నంతకాలం, 1978 నాటి మినహాయింపు మన ఇళ్ళకు కుట్టిన చొక్కా కాదని నా వాదన.

ఇల్లాలి మీద భారం వేసి చేతులు దులుపుకొనే అలవాటు గురించి కూడ చెప్పాలి. ఆవిడ తాగదు గనుక ఆవిడే నడుపుతుందన్న ఏర్పాటు మంచిదే. కాని చాల ఇళ్ళలో అది బయలుదేరేటప్పుడు తలుపు దగ్గర భగ్నమవుతుంది. "రాత్రిపూట హైవే మీద నీకు అలవాటు లేదు, ఇలా ఇవ్వు" అంటూ తాళాలు చేతులు మారుతాయి. పదిమందిలో ఆవిడ పెనుగులాడలేదు. ఆ క్షణంలో మాట్లాడవలసినది ఆవిడ కాదు, పక్కనే చెప్పులు వెతుకుతున్న మనము. కొత్తగా కాపురానికి వచ్చి ఇంకా లైసెన్సు లేని పిల్లల విషయంలో అసలు ఈ ఏర్పాటే లేదు.

హద్దును 0.05కు దించాలని జాతీయ రవాణా భద్రతా మండలి 2013లో రాష్ట్రాలకు సిఫారసు చేసింది. యూటా రాష్ట్రం 2018 డిసెంబరు 30 నుండి దానిని అమలు చేసింది. 2016తో పోలిస్తే 2019లో అక్కడ ప్రాణాంతక ప్రమాదాల రేటు 19.8 శాతం తగ్గినదని కేంద్ర రహదారి భద్రతా సంస్థ లెక్కకట్టింది. మిగిలిన దేశంలో తగ్గుదల 5.6 శాతం. దీనికి ఎదురువాదం లేకపోలేదు. మద్యం కారణమైన మరణాలలో సుమారు మూడింట రెండు వంతులు 0.15 పైబడిన డ్రైవర్ల వలన జరుగుతున్నవి. వారిని వదిలి రెండు గ్లాసుల పెద్దమనిషిని పట్టుకోవటమేమిటి అంటారు. యూటా ప్రజలలో తాగనివారే ఎక్కువ, అక్కడి ఫలితం అందరికీ వర్తించదు అని కూడ అంటారు. రెండవ మాటలో కొంత నిజం ఉన్నది. మొదటిదానికి నా జవాబు: యూటాలో తాగే అలవాటు ఉన్నవారిని అడిగినప్పుడు, ఐదింట ఒకరికి పైగా తమ పద్ధతి మార్చుకొన్నామని, ముఖ్యంగా బయటికి వెళ్ళేముందే తిరుగుప్రయాణం ఏర్పాటు చేసుకొంటున్నామని చెప్పారు. అంకె దించటం వలన జరిగే మేలు అదే. 0.08 దగ్గర మనిషి "ఎన్ని తాగవచ్చు" అని లెక్క వేస్తాడు. 0.05 దగ్గర లెక్క మానుకొని కారు ఇంట్లో పెట్టి వస్తాడు. కాలిఫోర్నియా కూడ దించాలని నా కోరిక. దించినా, నా గ్లాసు 80 మిల్లీలీటర్లు పోస్తున్నంతకాలం మా ఇంటికి దానివలన ఒరిగేది తక్కువ.

అందువలన మా ఇంట్లో కొన్ని మార్పులు చేసుకొన్నాము. సీసా పక్కన 44 మిల్లీలీటర్ల స్టీలు కొలత ఒకటి పెట్టాను. ఎవరి గ్లాసు వారే నింపుకోవాలి. సగం గ్లాసులో నేను పోయను. భోజనం ఎనిమిదింటికే వడ్డిస్తున్నాము. తొమ్మిదిన్నర తరువాత టీ, మజ్జిగ తప్ప మరొకటి లేదు. పైన గదిలో రెండు పరుపులు వేసి ఉంచాము. ఇంటికి దించే అద్దె కారు పిలవవలసి వస్తే ఖర్చు నాది. ఒకరిద్దరు నొచ్చుకొన్నారు. "ఆసుపత్రిలో లాగ కొలిచి పోస్తున్నారేమిటండీ?" అని ఒక పెద్దాయన అందరి ముందు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి ఆయన పైన గదిలోనే పడుకొని, పొద్దున పెసరట్టు తిని, తొమ్మిది గంటలకు బయలుదేరి వెళ్ళారు. మళ్ళీ పిలిస్తే వస్తారో రారో చూడాలి.